చౌడు పోసినవాళ్ళ చోటు

ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజమని ముందుగా ప్రమాణం చేస్తున్నాను. దేని మీద చేయాలా అని చాలాసేపు ఆలోచించాను. దేవుడి మీద చేస్తే మా ఊళ్ళో నమ్మరు, ఆయన మీద ఇదివరకే చాలా చేసి ఉన్నాను. పిల్లల మీద చేయడానికి మా ఆవిడ ఒప్పుకోదు. కాబట్టి ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన కెమెరా మీద చేస్తున్నాను. అది ఇప్పుడు పనిచేయడం లేదు. ప్రమాణానికి అంత పనిచేయాల్సిన అవసరం కూడా లేదు.

నాది పత్తికొండలో ఫోటో స్టూడియో. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి జరిగిందంటే నేను వెళ్ళి తీస్తేనే జరిగినట్టు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు ఫోటోలు మిగిలాయి, అవి కూడా ఫోన్ పాడైనవాళ్ళవి. ఖాళీ ఎక్కువై స్టూడియో ముందు బెంచీ వేశాను. బెంచీ వేశాక మనుషులొచ్చారు. మనుషులొచ్చాక ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చింది. మార్కెట్టుకు టమేటాలు తెచ్చిన రైతు, ధర పలకలేదని తెలిశాక, నేరుగా నా బెంచీ మీదకే వస్తాడు. ధర పలకని మనిషికి నిజం చెప్పడం పాపం. అట్లా నాకు కోతలు కోస్తాడని పేరొచ్చింది. అది పేరే గానీ నిజం కాదు.

మేడమ్ వచ్చి కూర్చుంది కూడా ఆ బెంచీ మీదే. ఆమె నగరంలో ఏదో కాలేజీలో ఇళ్ళు కట్టే చదువు చెప్తుంది. మా వైపు మట్టి మిద్దెలు ఒక్కొక్కటే పడిపోతున్నాయనీ, పూర్తిగా పోకముందే కొలిచి, బొమ్మలు గీసి, ఫోటోలు తీసి పెట్టాలనీ వచ్చింది. పల్లెలు తెలిసినవాడు, టేపు రెండో కొస పట్టుకునేవాడు, ఫోటోలు తీసేవాడు, ముగ్గురు కావాలంది. ముగ్గురూ నేనే అన్నాను. ఆత్మకూరు నుంచి కమలాపురం దాకా నేను గడప తొక్కని ఇల్లు లేదని కూడా అన్నాను. అది దాదాపు నిజమే, గడప లేని ఇళ్ళను లెక్కలోంచి తీసేస్తే.

మట్టి మిద్దె ఎరగనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. మా వైపు రాతికి కరువు లేదు, మట్టికి కరువు లేదు, కరువుకు అసలే లేదు. గోడలు రాయీ మట్టీ కలిపి లేపుతారు. పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద పుల్లలో బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, మట్టి తొక్కి, చివర్న చౌడు పోస్తారు. చౌడంటే పైరు మొలవని ఉప్పు నేలలో దొరికే బూడిద రంగు మట్టి. చేలో ఉంటే రైతుకు శత్రువు, మిద్దె మీద ఉంటే చుట్టం. తడి తగిలిందంటే ఉబ్బి బిగుసుకుని చుక్క నీరు దిగనివ్వదు. ఏటా ఎండాకాలం చివర, మొదటి వానకు ముందు, కొత్త చౌడు పోయాలి. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పుకు ఒక రంధ్రం విడుస్తారు, దాన్ని గవాచి అంటారు.

ఏటేటా కొత్త చౌడు పోస్తారు గానీ పాతది ఎవరూ తీయరు. ఆత్మకూరు దగ్గర ఒక ఇంట్లో అట్లా పోసిపోసి మిద్దె మందం గోడ ఎత్తును దాటిపోయి, ఆ బరువుకు దూలాలు కిందికి దిగిపోయాయి. ఇంటివాళ్ళు లోపల వంగి తిరుగుతారు, మిద్దె మీద నిటారుగా తిరుగుతారు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు అబ్బాయికి గూని అనుకుని లేచిపోతే, బతిమాలి వెనక్కి పిలిచి, మిద్దె ఎక్కించి చూపించారు. పెళ్ళి ఫోటోలు నేనే తీశాను. మిద్దె మీదే తీశాను.

కమలాపురం వైపు ఇంకో ఇల్లు. మిట్టమధ్యాహ్నం మేము లోపల కొలతలు తీస్తున్నాం. ఇంటాయన సంగటి ముద్ద ముందు పెట్టుకుని, నంజుకోవడానికి ఏమీ లేదని దిగులుగా చూస్తున్నాడు. అప్పుడు గవాచిలోంచి మేక వచ్చి ఆయన తట్ట పక్కనే పడింది. ఆయన తల కూడా ఎత్తలేదు. "కూరయితే పంపినాడు గానీ, వండి పంపకపాయె" అన్నాడు. మేక లేచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. మేడమ్ గవాచి కొలత రాసుకుని, పక్కన చిన్నగా మేక బొమ్మ వేసుకుంది.

పనిలో కష్టమంతా టేపు విప్పినప్పుడే. మా వైపు ఇంటి ముందు టేపు పరిచారంటే రెండే అర్థాలు: ఒకటి, రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రెండు, అన్నదమ్ములు భాగాలు పంచుకుంటున్నారు. ఊరికే బొమ్మ గీసుకోవడానికి అంటే ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పి రెండు ఊళ్ళలో గేటు దాకా కూడా పోలేకపోయాక, మూడో ఊళ్ళో నేను మాట మార్చాను. ఈ మేడమ్ నగరంలో తనకు ఇలాంటి మట్టి మిద్దే కట్టుకోవాలని చూస్తోందని చెప్పాను. ఇంటామెకు కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. అంత చదువుకున్న పిల్లకు ఎంత కష్టమొచ్చిందని మజ్జిగ ఇచ్చి, వంటిల్లు, దంపుడు కొట్టు, పశువులను కట్టే గాటిపాటున ఎద్దులు, అన్నీ తిప్పి చూపించింది. వెళ్ళేటప్పుడు, రేకులైనా వేసుకోమ్మా, మరీ మట్టి వద్దు అని చెవిలో చెప్పింది.

అలా తిరుగుతూ తిరుగుతూ పత్తికొండకు ఇవతల ఒక ఊళ్ళో గుడికి వచ్చాం. గుడి అంటే క్రైస్తవుల గుడి. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. అది తాతల కాలం నాటిది. కట్టించిన దొర పైన మొనదేలిన కప్పు కావాలన్నాడట. మొన మీద చౌడు నిలవదని మేస్త్రీలు చెప్పారట. దొర బొమ్మ గీసి చూపించాడట. మేస్త్రీలు బొమ్మను మెచ్చుకుని, మిద్దె కట్టారట. పొడుగాటి మిద్దె, లోపల రెండు వరుసల కంబాలు, కంబాల మీద దూలాలు. రెండు దూలాల మధ్య జాగాను అంకణం అంటారు. మావైపు ఇంటిని అడుగుల్లో చెప్పరు, అంకణాల్లో చెప్తారు. గుడి కూడా అంతే, వాకిలి నుంచి బలిపీఠం దాకా అంకణం తర్వాత అంకణం.

ఆదివారం కాని రోజు, పైగా మధ్యాహ్నం కాబట్టి లోపల ఎవరూ ఉండరనుకున్నాం. వాకిలి నుంచి మూడో అంకణంలో ఒకామె కంబానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఏభై దాటి ఉంటుంది. కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. మార్కెట్టులో టమేటా బాక్సులు లారీకి ఎత్తుతుంటే పైదొంతి జారి చేతి మీద పడిందట. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, ఆలూరు వైపు ఇచ్చారు. టేపు చూడగానే ఆమె కూడా అందరిలాగే అడిగింది, కాకపోతే కొంచెం వేరేగా.

"కొలిచేది కట్టేదానికా, కూల్చేదానికా?"

రెంటికీ కాదు, గుర్తు పెట్టుకోవడానికి అంది మేడమ్.

"గుర్తు పెట్టుకునేదానికి మేముండాం గదమ్మా" అంది ఆమె. అయినా ఆ గుడి కట్టుబాటు మొత్తం మాకు చెప్పింది ఆమే.

ఆ గుడిలో ఒక్కో అంకణం ఒక్కో కుటుంబానిది. మొదటి వానకు ముందు ఎవరి అంకణం మీద వాళ్ళు తమ చేతులతో చౌడు పోసుకోవాలి. ఆదివారం ఎవరి అంకణం కింద వాళ్ళు కూర్చోవాలి, మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు. వాన కురిసిందంటే ఎవరు ఒళ్ళు వంచారో, ఎవరు వంచలేదో ప్రార్థన మధ్యలో తెలిసిపోతుంది. బద్ధకస్తుల మీద వాళ్ళ కప్పే కారుతుంది. అందుకే ఆ ఊరి పాస్టరయ్య బద్ధకం గురించి ఎప్పుడూ ప్రసంగం చేయడట.

ఇంకా ఉంది. కూలి ఇచ్చి పోయించుకోకూడదు. ఎవరైనా సాయం పట్టి పోస్తే ఆ అంకణంలో వాళ్ళకూ పొత్తు వస్తుంది. మొదటి వానలోపు చౌడు పడని అంకణాన్ని పక్క అంకణం వాళ్ళు పోసుకుని కలిపేసుకోవచ్చు. అంకణం పోయినవాళ్ళు, లేనివాళ్ళు బయట పంచలో కూర్చోవాలి. మనిషి పోయినప్పుడు కూడా ఇదే లెక్క. ఎవరి పెట్టె వాళ్ళ అంకణం కింద ఉంచి ఆఖరి ప్రార్థన చేస్తారు. అంకణం లేనివాళ్ళ పెట్టె పంచలో ఉంచుతారు. ఆమె మొగుడి పెట్టెను ఇప్పుడు ఆమె కూర్చున్న చోటే పెట్టారు. అత్తది కూడా అక్కడే.

ఆ ఏడు ఆమె చేతికి కట్టు ఉంది. ఆకాశంలో ఇంకా ఏమీ లేదు గానీ, ఏరువాక దగ్గర పడింది.

పక్క అంకణం ఒక ట్రాక్టరాయనది. చెడ్డవాడు కాడు. ఆమె చెయ్యి విరిగిన రోజు ట్రాక్టరులో పండబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే. కాకపోతే కొడుకులకు పెళ్ళిళ్ళయ్యాయి, కోడళ్ళొచ్చారు, వాళ్ళకు పిల్లలు. ఆదివారం ఆ కుటుంబమంతా ఒక్క అంకణంలో మోకాలు మోకాలు తగిలేట్టు కూర్చుంటోంది. గుడి గోడ పక్కన ఆయన తోలించిన చౌడు కుప్ప కనబడుతూనే ఉంది. ఒక్క అంకణానికి అంత చౌడు అవసరం లేదు. ఊళ్ళో అందరూ కుప్పను చూశారు.

ఆయన్నే అడిగితే పోసిపెట్టడా అని నేను అడిగాను.

"ఊరికే పోసిపెడతాడప్పా. పోసినాక పొత్తంటాడు. పొత్తన్నాక కోడండ్లు వచ్చి కూచుంటారు. నేను పోయిపోయి కంబం అవతలికి జరుగుతా. మళ్ళ ఏడాదికి పంచలోకి పోతా."

పంచలో గాలి బాగా వస్తుంది కదక్కా అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

"బతికుండేటప్పుడు యాడన్నా కూచుంటా. సచ్చినాక పంచలో పండుకోను నేను" అంది. మేడమ్ పెన్సిలు ఆపింది. ఆ రోజు ఇంకేమీ కొలవలేదు.

సంఘపెద్ద ఊళ్ళోనే ఉంటాడు. గుడి తాళం ఆయన దగ్గరే. మాట అడిగితే జవాబు ఇచ్చేలోపు టీ చల్లారిపోతుంది, అంత నిదానం. మిద్దె లోపల ఎన్ని పొరలున్నాయో చూసి బొమ్మ గీయాలంటే ఒక చోట కొంచెం తవ్వాలని మేడమ్ అడిగింది. పెద్దాయన టీ చల్లారాక, ఎవరి అంకణం తవ్వుతారో వాళ్ళను అడగమన్నాడు, తవ్వినవాళ్ళే పూడ్చాలన్నాడు.

అప్పుడు నా నోట్లోంచి, మూడో అంకణం అయితే ఫోటోకు వెలుతురు బాగుంటుంది అనే మాట వచ్చింది. మిద్దె మీద వెలుతురు అంతటా ఒకటే. పెద్దాయన పైకి చూశాడు, ఎండ చూశాడు, నన్ను చూశాడు. ఆమెను అడిగితే వెంటనే ఒప్పుకుంది.

"తొవ్వుకోండి. పెద్దగా తొవ్వుకోండి" అంది.

తవ్వితే పొరల మీద పొరలు బయటపడ్డాయి. ఒక్కో ఏటి చౌడు ఒక్కో రంగులో, తమలపాకు మందంలో. మంచి వానలు పడిన ఏళ్ళవి బిగుసుకుని ఉన్నాయి, కరువేళ్ళవి పొడిపొడిగా రాలుతున్నాయి. మధ్యలో గాజు ముక్కలు, చింతగింజలు, పలక మీద రాసే బలపం, ఒక చిన్న పిల్ల కాలి ముద్ర. మేడమ్ బోర్లా పడుకుని కన్ను ఆనించి చూస్తోంది. నేను ఎన్నో పెళ్ళికూతుళ్ళ ముఖాలు తీశాను గానీ, అంత సంతోషంగా ఉన్న ముఖం తీయలేదు.

గుంత చిన్నదే. దాన్ని పూడిస్తే గుంత మేరకే చౌడు పడుతుంది. నేను కెమెరాలోంచి చూసి, ఫోటోలో ఏదో మచ్చలా వస్తోంది, రెండు దూలాల అంచులూ కనబడేలా అంకణమంతా గీకితే తప్ప కుదరదన్నాను. కింద నుంచి పెద్దాయన, అట్లనా మేడమ్మా అని అడిగాడు. మేడమ్ నా వైపు చూసింది. తర్వాత ముఖంలో ఏ మార్పూ లేకుండా, అవునండీ, దూలం అంచు చాలా ముఖ్యం అంది. ఇంత చదువుకున్నవాళ్ళకు కూడా కోతలు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె నాకంటే బాగా చెప్పింది. తక్కువ మాటల్లో చెప్పింది.

గీకడం సులభం. పోయడమే కష్టం. గోడ పక్కన కుప్ప ఉంది గానీ అది ట్రాక్టరాయనది, దాంట్లోంచి ఒక్క గంప తీసుకున్నా ఆయనకు పొత్తు వస్తుంది. వంక పక్కన చౌటి నేలకు పోయి, తవ్వి, ఎరువుల సంచుల్లో నింపి, నా మోటారుసైకిలు మీద తెచ్చాను. మోటారుసైకిలు ముందు చక్రం లేస్తుందని, ట్యాంకు మీద ఒక సంచి, వెనక రెండు. మేడమ్ గంపతో నిచ్చెన ఎక్కింది. మొదటి గంప సగం నా నెత్తిన పడింది. ఆమె కింద నిలబడి, విరగని చేత్తో నిచ్చెన పట్టుకుని మమ్మల్ని తిట్టింది. ముద్దలు చిదపమంది. అంచుల్లో మందంగా వేయమంది. నేను చల్లుతుంటే చూసి ఉండలేక, "ఏమప్పా, అచ్చింతలు ఏస్తాండావా?" అంది.

ట్రాక్టరాయన వచ్చి ట్రాక్టరుకు ఆనుకుని చాలాసేపు చూశాడు. చివరికి, "ఇది యా కాలేజీ సదువప్పా?" అన్నాడు.

జవాబు చెబుదామంటే నా నోటినిండా చౌడు ఉంది.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక పంచలో పంచాయితీ జరిగింది. మమ్మల్నీ పిలిపించారు. ట్రాక్టరాయన కోపంగా లేడు, లెక్కగా ఉన్నాడు. కాలేజీ జీతమిస్తే మేడమ్ వచ్చింది, మేడమ్ జీతమిస్తే నేను వచ్చాను, కాబట్టి ఇది కూలికి పోయించినట్టే అన్నాడు. ఇంకా, గుంత పూడ్చడం వేరు, అంకణమంతా పోయడం వేరు అన్నాడు. ఆ మాట న్యాయంగానే ఉంది. న్యాయమైన మాటకు ఎదురు చెప్పాలంటే కథే చెప్పాలి. ఆత్మకూరు అవతల ఒక పల్లెలో అచ్చం ఇలాంటి మిద్దె గుడి ఉందనీ, అక్కడ ఒకసారి దారిన పోయే గొర్రెల కాపరులు చౌడు పోసి పోతే సంఘం దాన్ని ఒప్పుకుందనీ చెప్పాను. ఊరి పేరు కూడా చెప్పాను, అదే నేను చేసిన తప్పు.

"ఆ ఊరికి మా చెల్లెలినిచ్చినాం" అన్నాడు పెద్దాయన నిదానంగా. "ఆడ గుడి రేకులది గదప్పా."

పంచలో ఎవరో దగ్గారు. దగ్గు పక్కవాళ్ళకు అంటుకుంది. నా చిన్నప్పటి నుంచి ఇన్ని కథలు చెప్పాను గానీ, చెల్లెలు అడ్డం వచ్చిన కథ అదొక్కటే.

అప్పుడు ఆమె లేచింది. ఎవరి వైపూ చూడకుండా పెద్దాయనతోనే చెప్పింది.

"చేయి పెట్టినోళ్ళకు పొత్తుండాది గదా పెద్దాయనా. ఉండనీ. ఈయప్పకూ, ఆ మేడమ్మకూ, నాకూ పొత్తు. ముగ్గురం కూచుంటాం."

పెద్దాయన ఈసారి టీ లేకుండానే ఆలోచించాడు. పొత్తయితే పొత్తేనన్నాడు. కానీ చౌడు పోసి కింద కూర్చోకపోతే అది పోసినట్టు కాదు కాబట్టి, మేమిద్దరం ప్రతి ఆదివారం వచ్చి ఆ అంకణం కింద కూర్చోవాలన్నాడు. మాకు చౌడు పోయడం చేతకాదని అందరూ చూశారు గనుక, తీర్పు వాన చెప్తుందన్నాడు. "అందరం కూచోనున్నప్పుడు వాన రావాల. కారకపాయెనా, అంకణం ఆమెది. కారెనా, పక్కాయప్ప పోసుకోనీ."

ట్రాక్టరాయన తువ్వాలు భుజం మార్చుకుని, వాననే చెప్పనీ అన్నాడు.

అట్లా నేను ప్రతి ఆదివారం గుడిలో కూర్చోవడం మొదలుపెట్టాను. మేడమ్ పత్తికొండలోనే గది తీసుకుని వారమంతా బొమ్మలు గీసుకుంటూ, ఆదివారం వచ్చి ఆమె పక్కన కూర్చునేది. నేను ఇవతలి వైపు, మగవాళ్ళ వైపు, ఆ అంకణానికి ఒక్కణ్ణే. నా వెనక అంకణంలో ట్రాక్టరాయన కొడుకులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, నేను కాళ్ళు చాపుకోవడానికి జాగా ఉండి కూడా సిగ్గేసి చాపుకోలేదు. పాటలు మొదట్లో పెదాలాడించేవాణ్ణి, తర్వాత రెండు వచ్చేశాయి.

మా ఆవిడ శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉంటుంది. ఆదివారం నేను గుడికి పోతుంటే చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, దేవుళ్ళూ దేవుళ్ళూ ఏమనుకుంటారో వాళ్ళే చూసుకుంటారు అంది. బెంచీ మీదవాళ్ళు, "ఏమప్పా, మతం మార్చుకుంటివంటనే?" అని అడిగారు. లేదప్పా, వాన కోసం పోతాండా అని నిజమే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా పెదనాన్న కొడుకు మాత్రం గుడి ఉన్న వాడలో వాళ్ళతో కలిసి నేను కింద చాప మీద కూర్చుంటున్నానని విని బెంచీ మీదకు రావడం మానేశాడు. దాని గురించి నేను ఎవరికీ కథ చెప్పలేదు.

అలా కొన్ని ఆదివారాలు పోయాక ఒక ఆదివారం, పాస్టరయ్య వాక్యం చదువుతుండగా లోపల చీకటైంది. మట్టి వాసన వచ్చింది. తర్వాత మిద్దె మీద చింతగింజలు పోసినట్టు చప్పుడు. పాస్టరయ్య చదువుతూనే ఉన్నాడు గానీ వింటున్నవాళ్ళు లేరు, అందరి తలలూ పైకి లేచాయి. ముందుగా పెద్దాయన అంకణమే కారింది, సరిగ్గా ఆయన బట్టతల మీద. ఆయన నిదానంగా కొంచెం పక్కకు జరిగాడు. ఆ తర్వాత ట్రాక్టరాయన చిన్న కోడలు చెంగు నెత్తిన కప్పుకుంది. వాన గట్టిపడింది. మా అంకణంలో పాత దూలం, దంతెలు, ఒక బల్లి. చుక్క లేదు. మేడమ్ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. పక్కనున్న ఆమె మాత్రం పైకి చూడనే లేదు, కంబానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. వాన వెలిశాక ట్రాక్టరాయన లేచి, తడిసిన తువ్వాలు పిండుకుని, సరే యక్కా అని, నడిచి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఆపితే అందరికీ బాగుంటుంది. కానీ ఇందులో నేను కల్పించిన ముక్క ఒకటుంది, అది చెప్పాలి. గూని పెళ్ళికొడుకు నిజం, ఫోటోలు స్టూడియోలో ఉన్నాయి. మేక నిజం. దొర, మొనదేలిన కప్పు, ఆ ఊరివాళ్ళు చెప్పినంత నిజం. పెద్దాయన చెల్లెలు నిజమని నాకు బాగా తెలుసు. కల్పించింది వాన.

మా వైపువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ చింతగింజల దగ్గరే నన్ను పట్టుకుని ఉంటారు. ఆ ఏడు పత్తికొండ చుట్టుపక్కల వాన ఎక్కడిది? మబ్బులు వచ్చేవి, ఊరి మీద ఆగి ఆలోచించేవి, నల్లమల వైపు వెళ్ళిపోయేవి. అప్పుడప్పుడూ దుమ్ము అణగడానికి నాలుగు చినుకులు, అవి కూడా ఆదివారం కాదు. విత్తిన చేలు మాడిపోతుంటే గుడిలో వాన కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టారు. ట్రాక్టరాయన మోకాళ్ళ మీద ఉన్నాడు, ఆయన వేరుశనగ పెట్టాడు. ఆమె కూడా మోకాళ్ళ మీదే ఉంది. బయటికి వచ్చాక, నువ్వేమని అడిగావక్కా అన్నాను.

"అందురి మాదిరే వాననే అడిగినా" అంది. "సోమారం రమ్మన్నా."

సోమవారం కూడా రాలేదు. మేం పోసిన చౌడు కారేదో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నాకైతే కారేదనే అనుమానం. తీర్పు చెప్పాల్సిన వాన రాలేదు కాబట్టి అంకణం ఎవరికీ పోలేదు, ఆమె కంబం ఆమెకే ఉండిపోయింది. కరువు వల్ల బాగుపడిన మనిషిని మా జిల్లాలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను. బాగుపడింది అనడం కూడా ఎంతవరకు సరైనదో తెలియదు. టమేటాలు లేవు, కూలి లేదు, కట్టు విప్పిన చేత్తో చేయడానికి పని లేదు. ఆ చలికాలమంతా కూతురు ఆలూరు నుంచి బియ్యం పంపింది. ఆమె వారమంతా ఇంట్లో ఉండి, ఆదివారం వచ్చి తన చోట కూర్చునేది.

మళ్ళీ ఎండాకాలం చివరికి నగరానికి వెళ్ళిపోయిన మేడమ్ గీసి పంపిన బొమ్మలు చూపించడానికి ఆ ఊరికి వెళ్ళాను. గుడి గోడ పక్కన ట్రాక్టరాయన చౌడు కుప్ప ఉంది. ఆ ఏడు ఒక్క అంకణానికి సరిపడేంతే తోలించాడు. ఆమె అప్పటికే మిద్దె మీద ఉంది. వంకరగా అతుక్కున్న చేత్తో గంప పట్టుకుని, సగం సగం మోస్తూ, నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉంది. చూస్తూ నిలబడలేక నేను బొమ్మలు గోడ మీద పెట్టి, ఒక గంప నెత్తికెత్తుకుని నిచ్చెన సగం దాకా ఎక్కాను.

ఆమె పై నుంచి చూసి, గంప కింద దించేదాకా ఊరుకోలేదు.

"దిగప్పా నువ్వు. పోసినావంటే మళ్ళ పొత్తంటావు."